వ్యసనంపై పన్ను, వంటింటిపై భారం: న్యాయానికి కొలమానం ఏది?

రైతు కుటుంబాల ఆర్థిక స్థితిని అధ్యయనం చేసేందుకు మనం తయారుచేసుకునే ప్రశ్నావళులలో విత్తనానికి, ఎరువుకు, పురుగుమందుకు, కూలికి, కౌలుకు వేర్వేరు గడులుంటాయి. మద్యం, బీడీ, జర్దాలపై అయ్యే ఖర్చు మాత్రం చాలాసార్లు ‘ఇతర ఖర్చులు’ అనే చివరి గడిలో కలిసిపోతుంది. ఆ మొత్తంలో దుకాణదారుకు చేరేది ఎంత, ప్రభుత్వ ఖజానాకు చేరేది ఎంత అని విడదీసి అడిగే అలవాటు మనకు లేదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిరప అమ్ముకున్న రైతు చేతికి వచ్చిన డబ్బుకు, అతని ఇంట్లో జరిగే ఖర్చుకు నడుమ ఉన్న ఈ ప్రవాహాన్ని లెక్కించకుండా సాగు లాభనష్టాలను మాత్రమే లెక్కిస్తే కుటుంబ సంక్షేమ చిత్రం అసంపూర్ణంగానే మిగులుతుంది.

ఇది స్వల్ప విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు, ఆపై వయసున్న పురుషులలో సుమారు 43 శాతం మంది, మహిళలలో సుమారు 7 శాతం మంది మద్యం సేవిస్తున్నారు. దేశ సగటు పురుషులలో సుమారు 19 శాతం, మహిళలలో సుమారు 1 శాతం మాత్రమే. రాష్ట్రంలోని గ్రామీణ ప్రాంతాలలో ఈ నిష్పత్తి పట్టణాలకంటే అధికం. కనుక మద్యంపై, పొగాకుపై వేసే పన్ను మన విస్తరణ సేవలు చేరవలసిన కుటుంబాలపైనే ప్రధానంగా పడుతున్నది.

అనారోగ్యకరమైన అలవాట్లపై అధిక పన్ను వేయడం న్యాయమేనా అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. చెడు అలవాటు కనుక ఎంత పన్ను వేసినా తప్పులేదన్నది మొదటిది. పేదవాడి జేబును కొట్టే పన్ను కనుక అది అన్యాయమన్నది రెండవది. ఈ రెండింటిలోనూ కొంత సత్యం ఉన్నప్పటికీ రెండూ పన్ను రేటు దగ్గరే ఆగిపోతున్నాయి. పన్ను చెల్లించే వ్యక్తికి ఆ అలవాటు నుంచి బయటపడే దారి ఉందా, వసూలైన సొమ్ము ఎవరి వద్దకు తిరిగి వెళుతున్నది, వాడకం తగ్గినప్పుడు ఆదాయ నష్టాన్ని భరించేందుకు ప్రభుత్వం సిద్ధంగా ఉందా అన్న మూడు ప్రశ్నలకు లభించే సమాధానాలపైనే ఆ పన్ను న్యాయాన్యాయాలు ఆధారపడి ఉంటాయన్నది ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్న అభిప్రాయం.

పన్నుకు ఉన్న సమర్థన

ఒకరి చర్య వల్ల ఇతరులకు కలిగే నష్టం వస్తువు ధరలో ప్రతిఫలించనప్పుడు, ఆ మేరకు పన్ను విధించి సరిచేయవచ్చునని ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో ప్రచురించిన ‘ఎకనామిక్స్ ఆఫ్ వెల్ఫేర్’ గ్రంథంలో ప్రతిపాదించిన వాదం నేటికీ ఈ పన్నులకు సిద్ధాంత పునాది. మద్యం విషయంలో ఈ ‘ఇతరులు’ ఎక్కడో దూరాన లేరు. దెబ్బలు తినే భార్య, బడి మానేసే పిల్ల, అప్పుకు హామీగా నిలిచే స్వయం సహాయక సంఘం సభ్యులు, రహదారి ప్రమాదంలో గాయపడే బాటసారి అందరూ ఆ కోవలోకి వస్తారు. తాగడం వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించినదనే వాదన, తాగినందువల్ల కలిగే ఖర్చును తాగనివారు మోస్తున్నారన్న వాస్తవం ముందు బలహీనపడుతుంది.

ఈ సంగతిని సిద్ధాంతకర్తలకంటే బాగా చెప్పినవారు మన గ్రామీణ మహిళలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమ తరగతుల నుంచి పుట్టి 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమం పన్ను పెంచమని కోరలేదు. దుకాణమే మూయమని కోరింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. అక్రమ రవాణాను, ఆదాయ నష్టాన్ని చూపి 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. మద్యనిషేధానికి కృషి చేయాలన్న రాజ్యాంగంలోని 47వ అధికరణ ఆదేశిక సూత్రంగానే నిలిచిపోగా, ఆబ్కారీ ఆదాయం ప్రభుత్వ బడ్జెట్లలో శాశ్వత స్థానం సంపాదించుకున్నది. ఈ ఆధారపడటం కొత్తది కూడా కాదు. నిజాం పాలనలోనూ భూమిశిస్తుతో పాటు ఆబ్కారీ ఖజానాకు ప్రధాన ఆధారాలలో ఒకటిగా ఉండేది.

కాబట్టి పన్ను వేయడానికి తగిన కారణం ఉంది. అయితే కారణం ఉన్నంత మాత్రాన భారం పడే తీరు న్యాయమైపోదు. దానికి లెక్క అవసరం.

ఒక ఇంటి లెక్క

ఈ లెక్కలోని అంకెలు కేవలం ఉదాహరణ కోసం తీసుకున్నవి. రోజుకు 600 రూపాయల చొప్పున నెలలో 20 రోజులు పని దొరికే వ్యవసాయ కూలీ ఆదాయం 12,000 రూపాయలు. పని దొరికిన ప్రతి రోజూ 150 రూపాయల క్వార్టర్ సీసా ఒకటి కొంటాడనీ, అందులో 100 రూపాయలు పన్నుల రూపంలో ప్రభుత్వానికి చేరుతాయనీ అనుకుందాం. నెలకు మద్యంపై ఖర్చు 3,000 రూపాయలు. అందులో పన్ను 2,000 రూపాయలు, అంటే అతని ఆదాయంలో ఆరో వంతు. నెలకు లక్ష రూపాయల జీతం పొందే ఉద్యోగి ఖరీదైన రకం కొని సీసాకు 300 రూపాయల పన్ను చెల్లించినా, అంతే పరిమాణానికి అతడు కట్టేది 6,000 రూపాయలు, ఆదాయంలో 6 శాతం. సంఖ్యాపరంగా ఉద్యోగి మూడు రెట్లు చెల్లిస్తున్నా, నిష్పత్తిలో కూలీ భారం అతని భారానికి దాదాపు మూడు రెట్లు. తిరోగామి పన్ను అంటే ఇదే.

దీనికి పన్ను సమర్థకులు చెప్పే సమాధానం ఉంది. పేదవారు ధరకు ఎక్కువగా స్పందిస్తారు. ధర పెరిగితే వారే ముందుగా వాడకం తగ్గిస్తారు. కనుక ఆరోగ్య లాభం వారికే ఎక్కువని వారి వాదన. పొగాకు ధర 10 శాతం పెరిగితే వాడకం ధనిక దేశాలలో సుమారు 4 శాతం, అల్ప, మధ్య ఆదాయ దేశాలలో సుమారు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ 5 శాతాన్నే మన కూలీకి అన్వయించి చూద్దాం. పన్ను 15 రూపాయలు పెరిగి సీసా ధర 165 అయింది. అతడు 20 సీసాల బదులు 19 కొన్నాడు. ఖర్చు 3,135 రూపాయలు. తాగడం కొద్దిగా తగ్గింది, కాని ఇంటి నుంచి బయటికి పోయే సొమ్ము 135 రూపాయలు పెరిగింది. ఖజానాకు చేరేది 2,000 నుంచి 2,185కు పెరిగింది. ఆ పెరుగుదలలో అధిక భాగం పప్పు, పాలు, పిల్లల పుస్తకాల నుంచి వచ్చినదే.

అదే కూలీ వాడకం 15 శాతం తగ్గిందనుకుందాం. 17 సీసాలకు అతని ఖర్చు 2,805 రూపాయలు. కుటుంబానికి 195 రూపాయలు మిగిలాయి. ఖజానాకు చేరేది 1,955 రూపాయలు. ప్రభుత్వం 45 రూపాయలు కోల్పోయింది. వాడకం సరిగ్గా 10 శాతం తగ్గితే కుటుంబానికి 30, ఖజానాకు 70 రూపాయల లాభం కలుగుతుంది. అంటే కుటుంబమూ ఖజానా రెండూ లాభపడే మధ్యస్థితి ఈ ఉదాహరణలో 9 నుంచి 13 శాతం తగ్గుదల మధ్య ఉన్న సన్నని గట్టు మాత్రమే. దానికి ఇవతల ఖజానా గెలిచి ఇల్లు ఓడుతుంది. అవతల ఇల్లు గెలిచి ఖజానా ఓడుతుంది. ఈ పన్ను నిజంగా ప్రజల ఆరోగ్యం కోసమే అయితే, ప్రభుత్వం తన ఆదాయం తగ్గే దిశగా నడవడానికి సంసిద్ధంగా ఉండాలి.

వ్యాకోచత్వం ఎవరి చేతిలో ఉంది?

డిమాండు ధరా వ్యాకోచత్వాన్ని మనం పాఠ్యపుస్తకాలలో వస్తువు స్వభావంగా బోధిస్తాం. వ్యసన వస్తువుల విషయంలో అది చాలావరకు పరిస్థితుల ఫలితం. దుకాణం ఎంత దూరంలో ఉంది, అప్పు దొరుకుతుందా, మానేయాలనుకున్నవారికి వైద్య సహాయం అందుబాటులో ఉందా, సాయంత్రం గడపడానికి మరొక చోటు ఉందా అన్న అంశాలు ఆ సంఖ్యను నిర్ణయిస్తాయి.

తెలంగాణలో లైసెన్సు పొందిన మద్యం దుకాణాల సంఖ్య 2,620. ఊరూరా నడిచే బెల్టు షాపులు ఈ లెక్కలోకి రావు. బెల్టు షాపులో సీసా ముద్రిత ధరకంటే ఎక్కువకు అమ్ముతారు. అయినా కూలీ అక్కడికే వెళతాడు. కారణాలు రెండు: ఇంటి పక్కనే ఉండటం, అప్పు దొరకడం. పంట అమ్మిన తరువాత తీర్చే షరతుపై ఇచ్చే ఈ అప్పు ధర పెరుగుదల ప్రభావాన్ని మరుగుపరుస్తుంది. ఆ రోజు జేబులో డబ్బు లేకపోయినా సీసా చేతికి వస్తుంది. ఒక చేత్తో పన్ను పెంచుతూ, మరొక చేత్తో బెల్టు షాపును చూసీచూడనట్లు వదిలివేస్తే వాడకం తగ్గదు. వసూలు మాత్రమే పెరుగుతుంది. అందువల్ల పన్ను పెంచే ముందు డిమాండు వ్యాకోచించే వీలు కల్పించడం ప్రభుత్వ బాధ్యత. బయటికి పోయే తలుపు మూసి ఉంచి లోపల ఉన్నందుకు అద్దె పెంచడం న్యాయం అనిపించుకోదు.

ఒక పురుగును అణిస్తే మరొకటి

బీటీ పత్తి శనగపచ్చ పురుగును అదుపు చేసిన తరువాత రసం పీల్చే పురుగులు, ఆపై గులాబీ రంగు పురుగు ప్రధాన సమస్యలుగా ముందుకు వచ్చిన అనుభవం వరంగల్ ప్రాంత శాస్త్రవేత్తలకు కొత్త కాదు. పన్నుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఒక మత్తు పదార్థం ధరను పెంచి, దాని పక్కనున్న పదార్థాన్ని పట్టించుకోకపోతే వాడకం అటు మళ్లుతుంది.

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని తండాలలో గుడుంబా చరిత్ర ఇందుకు నిదర్శనం. ప్రభుత్వ మద్యం అందుబాటు ధరలో లేని కూలీకి గుడుంబా ప్రత్యామ్నాయమైంది. దానిని అరికట్టేందుకు 2015లో ప్రభుత్వం చౌక మద్యం ప్రవేశపెట్టాలని యోచించి, నిరసనల తరువాత విరమించుకున్నది. అనంతరం దాడులతో పాటు, గుడుంబా తయారీపై ఆధారపడిన కుటుంబాలకు 2 లక్షల రూపాయల చొప్పున పునరావాస సహాయాన్ని ప్రకటించింది. నిర్బంధంతో పాటు బతుకుదెరువు గురించి కూడా ఆలోచించిన ఈ రెండవ మార్గమే సరైన దిశ. అయితే నియంత్రణ భారం అమాయకులపైనా పడింది. నల్లబెల్లంపై నిఘా చెరకు రైతును, బెల్లం వ్యాపారిని ఇబ్బందిపెట్టింది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు ‘బంగారం’గా సమర్పించే బెల్లం కొనడానికి కూడా భక్తుల నుంచి గుర్తింపు వివరాలు అడిగిన సందర్భాలున్నాయి.

పొరుగు రాష్ట్రపు అనుభవం మరింత స్పష్టమైనది. దశలవారీ మద్యనిషేధం లక్ష్యంగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మే నెలలో మద్యం ధరలను రెండు విడతలలో మొత్తం 75 శాతం పెంచింది. ధరలు పెరిగి, కరోనా ఆంక్షల వల్ల దుకాణాలు మూతపడిన ఆ రోజులలో, జూలై చివరన ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా మరణించారు. సెప్టెంబరులో చౌక రకాల ధరలను ప్రభుత్వం తగ్గించవలసి వచ్చింది. ప్రభుత్వం మారిన తరువాత, 2024 అక్టోబరులో 99 రూపాయల క్వార్టర్ సీసా మార్కెట్‌లోకి వచ్చింది. నాలుగేళ్ల వ్యవధిలో ఒకే రాష్ట్రం ధరను ఆయుధంగానూ, తాయిలంగానూ వాడింది. ఈ మధ్యకాలంలో వ్యసన విముక్తి సేవలు ధరలంత వేగంగా విస్తరించి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఆహారంపై వేసిన పన్నులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. డెన్మార్క్ 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వులపై పన్ను వేసి, ప్రజలు సరిహద్దు దాటి కొనుగోళ్లు చేయడం వంటి కారణాలతో 2013 జనవరి నుంచి రద్దు చేసింది. కేరళ 2016లో పేరొందిన రెస్టారెంట్లు అమ్మే బర్గర్లు, పిజ్జాల వంటి వాటిపై 14.5 శాతం పన్ను వేసింది. వీధి బండిపై నూనెలో వేగే పదార్థం ఆ పరిధిలోకి రాలేదు. ఆరోగ్యం దృష్ట్యా రెండింటికీ పెద్ద తేడా లేదు. మరుసటి ఏడాది జీఎస్టీ రాకతో ఆ పన్ను అంతరించింది.

కల్లు విషయం కాస్త భిన్నం. గీత కార్మికుల బతుకుదెరువును దృష్టిలో ఉంచుకొని రాష్ట్రం చెట్టు పన్నును తొలగించింది. చెట్టు నుంచి దించిన స్వచ్ఛమైన కల్లుకు ఈ రాయితీ సమంజసమే. కాని క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలమ్ కలిపి తయారుచేసే కల్తీ కల్లు ఆ రాయితీ నీడలోనే దాక్కుంటున్నది. ఇక్కడ కావలసినది పన్ను కంటే నాణ్యత పరీక్ష. ఏ అలవాటుకు ఏ సాధనం తగినదో నిర్ణయించడం కూడా న్యాయంలో భాగమే.

బీడీ వెనుక ఉన్న చేతులు

పన్ను న్యాయాన్ని వినియోగదారుని వైపు నుంచి మాత్రమే చూడటం వ్యవసాయ శాస్త్రవేత్తలకు తగదు. ఆ వస్తువు పుట్టిన చోట కూడా పేదలే ఉన్నారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అడవులలో వేసవి మొదలయ్యే వేళ తునికాకు సేకరణ జరుగుతుంది. 50 ఆకుల కట్టలుగా, 1,000 కట్టలు ఒక ప్రామాణిక సంచిగా లెక్కించే ఈ ఆకు, పొలం పనులు లేని రోజులలో ఆదివాసీ, లంబాడా కుటుంబాలకు నగదు తెచ్చిపెడుతుంది. ఆ ఆకును చుట్టే పని నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, సిద్దిపేట ప్రాంతాల మహిళలది. వారికి ఆసరా పథకం కింద 2015లో నెలకు 1,000 రూపాయల జీవనభృతి మొదలై, 2019లో 2,016 రూపాయలకు పెరిగింది.

ఈ కారణంగానే బీడీకి పన్నులలో ఎప్పుడూ మినహాయింపు లభిస్తూ వచ్చింది. 2017లో జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు సిగరెట్టుకు 28 శాతం పన్నుతో పాటు పరిహార సెస్సు వేశారు. బీడీకి 28 శాతం వేసి సెస్సు మినహాయించారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి పొగాకు ఉత్పత్తులను 40 శాతం శ్లాబులోకి తేవాలని నిర్ణయిస్తూనే, బీడీపై పన్నును 28 నుంచి 18 శాతానికి, బీడీ ఆకుపై 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది.

కార్మికురాలి పట్ల సానుభూతిగా కనిపించే ఈ నిర్ణయంలో ఒక చిక్కు ఉంది. బీడీ పొగ సిగరెట్టు పొగకంటే తక్కువ హానికరమైనది కాదు. తాగేవారిలో అత్యధికులు పేదలు. చుట్టే మహిళ పొగాకు ధూళిని రోజంతా పీలుస్తుంది. తక్కువ పన్ను ఆమె కూలిని పెంచుతుందన్న హామీ ఏదీ లేదు. పేదవాని ఊపిరితిత్తులకు చౌకగా హాని జరిగే వీలు మాత్రం కొనసాగుతుంది. పేదలకు మేలు చేయడమంటే వారి జబ్బును చౌకగా ఉంచడం కాదు.

ఇంతకంటే మెరుగైన నమూనా ఒకటి మన దేశంలోనే ఉండేది. 1976లో చేసిన చట్టాల ద్వారా బీడీలపై సెస్సు వసూలు చేసి, ఆ సొమ్మును బీడీ కార్మికుల వైద్యం, గృహ నిర్మాణం, పిల్లల ఉపకార వేతనాల కోసం ప్రత్యేక సంక్షేమ నిధిలో ఉంచేవారు. జీఎస్టీ ప్రవేశంతో 2017లో ఆ సెస్సు రద్దయింది. వస్తువుపై పన్ను మిగిలింది. ఆ పన్నుకూ కార్మికురాలికీ ఉన్న చట్టబద్ధమైన బంధం తెగిపోయింది. ఈ వ్యాసం ముందుంచే రెండవ ప్రశ్న, అంటే సొమ్ము ఎక్కడికి తిరిగి వెళుతున్నది అన్నది, ఇక్కడ అత్యంత స్పష్టంగా ఎదురవుతుంది.

సొమ్ము తిరిగి వెళ్లే దారి

2023లో రాష్ట్రంలోని మద్యం దుకాణాల కేటాయింపు కోసం ఒక్కొక్కటి 2 లక్షల రూపాయల తిరిగి ఇవ్వని రుసుముతో వచ్చిన దరఖాస్తుల ద్వారానే ప్రభుత్వానికి 2,600 కోట్ల రూపాయలకు పైగా సమకూరింది. 2025లో ఆ రుసుమును 3 లక్షలకు పెంచారు. ఇంకా ఒక్క సీసా అమ్మకముందే వచ్చిన సొమ్ము ఇది. దుకాణం దక్కించుకున్నవారు ఆ పెట్టుబడిని అమ్మకాల ద్వారానే రాబట్టుకోవాలి కనుక, అమ్మకాలు పెంచే ఒత్తిడి విధానంలోనే ఇమిడి ఉంది. 2021 నుంచి దుకాణాల కేటాయింపులో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ కల్పించడం వ్యాపారంలో వాటా పంచింది. తాగే కుటుంబాలకు వాటా ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇతర దేశాలు దీనికి కొన్ని సమాధానాలు వెదికాయి. థాయ్‌లాండ్ 2001 నుంచి మద్యం, పొగాకు పన్నులపై 2 శాతం అదనపు సుంకం వసూలు చేసి ఆరోగ్య ప్రోత్సాహక నిధికి కేటాయిస్తున్నది. ఫిలిప్పీన్స్ 2012లో ఈ పన్నులను సంస్కరించి, పెరిగిన ఆదాయంలో సింహభాగాన్ని సార్వజనీన ఆరోగ్య సేవలకు మళ్లించింది. అంతకుముందే 1992 చట్టం ద్వారా వర్జీనియా పొగాకు సిగరెట్ల పన్నులో 15 శాతాన్ని ఆ పంట పండించే రాష్ట్రాలకు, అక్కడి రైతుల అభివృద్ధికి కేటాయించింది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పేరుతో స్థాపితమైన పరిశోధనాలయం, గుంటూరులో 1976 నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు ఉన్న మన తెలుగు నేలపై, పంటమార్పిడికి పొగాకు పన్నులోనే నిధి వెదకడం అసాధ్యమైన ఆలోచన కాదు.

ప్రత్యేక నిధులపై ఆర్థిక శాఖలకు ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఒక నిధి ఏర్పడగానే ప్రభుత్వం అదే పనికి ఇచ్చే సాధారణ కేటాయింపును తగ్గిస్తుంది. చివరికి మొత్తం వ్యయం పెరగదు. ఈ భయం నిజమే. దీనికి పరిష్కారం జిల్లా స్థాయి లెక్కలు. ఒక జిల్లాలో మద్యం ద్వారా వచ్చిన ఆదాయం ఎంత, అదే జిల్లాలో వ్యసన విముక్తి కేంద్రాలకు, కాలేయ, ఊపిరితిత్తుల వ్యాధుల చికిత్సకు, మహిళా సంఘాలకు వెళ్లినది ఎంత అన్న రెండు అంకెలను ఏటా పక్కపక్కన ప్రచురిస్తే చాలు. వరంగల్ జిల్లా ప్రజలు తమ రెండు అంకెలను చూసి తామే నిర్ణయించుకోగలరు.

మరొక అభ్యంతరం కూడా ఉంది. ఈ ఆదాయమే రైతుబంధువులైన పథకాలకు, పింఛన్లకు, సబ్సిడీలకు ఆధారమనీ, అది తగ్గితే పేదలే నష్టపోతారనీ అంటారు. కూలీ ఇంటి నుంచి తీసుకున్న సొమ్మును వేరొక పేరుతో ఆ ఇంటికే తిరిగి ఇవ్వడంలో ఒక లోపం ఉంది. పురుషుడు చెల్లించిన పన్నులో కొంత భాగం పింఛనుగా ఇంటికి చేరినా, మధ్యలో ఆరోగ్యం, పనిదినాలు, ఇంటి శాంతి నశించాయి. వాటిని ఏ పథకమూ తిరిగి ఇవ్వదు. పైగా భూమి లేని కూలీకి భూమి ఆధారిత పథకాలు అందవు. పన్ను మాత్రం అందరితో పాటు అతనూ కడుతున్నాడు.

విస్తరణ రంగం చేయదగిన పని

పన్ను విధానం మన పరిధిలోనిది కాదని విస్తరణ శాస్త్రవేత్తలు పక్కకు తప్పుకోవలసిన అవసరం లేదు. ఈ విషయంలో మరే శాఖకూ లేని రెండు సౌకర్యాలు మనకున్నాయి: గ్రామాలతో నిత్య సంబంధం, కుటుంబ స్థాయి గణాంకాలు సేకరించే నైపుణ్యం.

మొదటగా, మన సాగు వ్యయ, కుటుంబ ఆదాయ సర్వేలలో మద్యం, పొగాకు ఖర్చుకు ప్రత్యేక గడి ఏర్పరచాలి. ఈ ప్రశ్నను పురుషుణ్ణి, ఇంటి మహిళను విడివిడిగా అడగాలి. రెండు సమాధానాల మధ్య తేడాయే విలువైన సమాచారం. కౌలుదారు, కూలీ, సొంత భూమి గల రైతు కుటుంబాలను వేరుచేసి విశ్లేషించాలి.

రెండవది, గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో నివసించే చివరి సంవత్సరపు విద్యార్థులు స్థానిక వ్యాకోచత్వాన్ని గమనించవచ్చు. ధర పెరిగినప్పుడు ఏ కుటుంబం వాడకం తగ్గించింది, ఏ కుటుంబం గుడుంబాకు లేదా కల్తీ కల్లుకు మళ్లింది, ఏ కుటుంబం పాలు మానేసి అదే సీసా కొన్నది అన్న సమాచారం రాష్ట్ర సగటుల నుంచి దొరకదు. పత్తి, మిరప సొమ్ము చేతికి వచ్చే నెలలలో ఖర్చు ఎలా మారుతుందో నమోదు చేయడం అంతే అవసరం.

మూడవది, ప్రత్యామ్నాయ జీవనోపాధి. మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాల వంటివి గీత కార్మికులకు నీరా, తాటిబెల్లం తయారీలో, ఆదివాసీ మహిళలకు ఇప్పపూల ఆహార ఉత్పత్తులలో శిక్షణ ఇవ్వగలవు. ఉట్నూరు ప్రాంతపు ఆదివాసీ మహిళలు ఇప్పపూల లడ్డూలు తయారుచేసి అమ్ముతున్నారు. సారాకు పేరుపడిన పువ్వు పోషకాహారంగా మారిన ఆ అనుభవం ఏటూరునాగారం అడవి గ్రామాలకూ పనికివస్తుంది. తునికాకు, బీడీ పనుల నుంచి బయటికి వచ్చేవారికి దారి చూపకుండా పన్ను పెంచమనే సలహా ఇచ్చే అర్హత మనకు రాదు.

నాలుగవది, ఈ సమాచారం ఆధారంగా విధాన సూచనలు చేయడం. బెల్టు షాపుల నిర్మూలన తరువాతే ధరల పెంపు, బీడీ కార్మికుల సంక్షేమ నిధికి మళ్లీ చట్టబద్ధమైన ఆధారం కల్పించిన తరువాతే బీడీ పన్ను పెంపు, ప్రతి మండలంలో వ్యసన విముక్తి సేవ ఏర్పడిన తరువాతే ఆ మండల దుకాణాల సంఖ్యపై సమీక్ష అనే క్రమాన్ని మనం గట్టిగా సూచించవచ్చు. ఈ చర్యల వరుస తప్పితే మంచి ఉద్దేశంతో వేసిన పన్ను కూడా పేద కుటుంబంపై దండుగగా మారుతుంది.

అనారోగ్యకరమైన అలవాటుపై పన్ను వేసే హక్కు ప్రభుత్వానికి ఉంది. ఆ హక్కును వినియోగించే ప్రతి ప్రభుత్వమూ తన బడ్జెట్ ప్రసంగంలో ఒక విషయం ప్రకటించాలని కోరడం సమంజసం: రానున్న అయిదేళ్లలో మద్యం, పొగాకుల నుంచి వచ్చే ఆదాయం ఎంత తగ్గాలని లక్ష్యంగా పెట్టుకున్నదో చెప్పాలి. ఇప్పటివరకు అంచనాలన్నీ ఎంత పెరగాలన్న దిశలోనే వెలువడుతున్నాయి. ఆ అంకె దిశ మారిన సంవత్సరం నుంచి దీనిని ఆరోగ్య పన్నుగా పిలవవచ్చు.